కంప్యూటర్ పదును పెట్టిన చెవి: కైయా సారియాహో సంగీత ప్రయాణం

2016 డిసెంబర్ 1న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో కైయా సారియాహో స్వరపరిచిన ఒపెరా (పాటతోనే నడిచే సంగీత నాటకం) ‘లామూర్ ద ల్వాఁ’ ప్రదర్శన మొదలైంది. ఆ సంస్థ వేదిక మీద ఒక మహిళ రాసిన ఒపెరా అంతకుముందు ఒకే ఒక్కటి వినిపించింది. అది 1903లో ప్రదర్శించిన, బ్రిటిష్ స్వరకర్త ఎథెల్ స్మిత్ రచన. మళ్ళీ ఇంకో మహిళ పేరు అక్కడ కనిపించడానికి నూట పదమూడేళ్ళు పట్టింది. పత్రికలు ఈ విషయాన్నే ప్రముఖంగా రాశాయి, రాయాల్సిందే కూడా. అయితే ఆ హడావుడిలో అసలు ఆ సంగీతం ఎలా ఉంది, ఏ దారిలో అక్కడిదాకా వచ్చింది అన్న సంగతి వెనకబడిపోయింది. ఆ దారి ఒపెరా హాళ్ళలో మొదలవలేదు. పారిస్‌లో నేలమాళిగలో ఉన్న ఒక పరిశోధనాశాలలో, కంప్యూటర్ల మధ్య మొదలైంది.

కైయా సారియాహో (1952–2023) ఫిన్లాండ్‌లో పుట్టి, వయసులో ఎక్కువ భాగం పారిస్‌లో గడిపిన స్వరకర్త. 2019లో బీబీసీ మ్యూజిక్ మ్యాగజైన్ సమకాలీన స్వరకర్తల చేతనే ఓటు వేయించి జాబితా తయారుచేస్తే, అప్పటికి జీవించి ఉన్నవారిలో అందరికంటే పైన నిలిచింది ఆమె పేరే. అకూస్టిక్ (యంత్రాల సాయం లేకుండా వాయిద్యాలే పలికే), ఎలక్ట్రానిక్ సంగీతాలు రెండూ రాసిన స్వరకర్త అని ఆమెను పరిచయం చేయడం మామూలు. ఆ మాట వింటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి కళ్ళ ముందు మెదులుతుంది. ఆమె రచనలను వరుసగా వింటే మాత్రం అలా అనిపించదు. కంప్యూటర్ ఆమెకు కొత్త వాయిద్యంగా ఉపయోగపడినది కొంతే. ధ్వనిని లోపలికంటా వినడం నేర్పినది ఎక్కువ. ఆ వినికిడి పట్టుబడ్డాక, వేదిక మీద ఒక్క స్పీకర్ కూడా లేనప్పుడు సైతం అదే పనిచేసింది.

మనవైపు ఎలక్ట్రానిక్ సంగీతం అంటే సినిమా పాటలో ప్రోగ్రామింగ్ గుర్తొస్తుంది. యాభైమంది వయొలినిస్టుల బదులు ఒక కీబోర్డు, మృదంగం బదులు శాంపిల్. అక్కడ యంత్రం మనిషి స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. సారియాహో దగ్గర అలా జరగదు. సెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యం) వాయించే మనిషి అక్కడే ఉంటాడు, అతను లాగిన స్వరం లోపల ఏముందో యంత్రం తెరిచి చూపిస్తుంది. ఈ తేడా పట్టుకుంటే ఆమె సంగీతంలోకి తలుపు తెరుచుకున్నట్టే.

ఆమె 1952 అక్టోబర్ 14న హెల్సింకిలో పుట్టారు. ఇంట్లో సంగీత వాతావరణం ఏమీ లేదు. చిన్నప్పుడు రాత్రిపూట దిండులోంచి సంగీతం వినిపిస్తోందని, దాన్ని ఆపమని అమ్మను అడిగేదాన్నని తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చారు. వయొలిన్, పియానో, ఆర్గన్ నేర్చుకున్నారు. కొంతకాలం చిత్రకళ కూడా చదివారు. ఈ చిత్రకళ సంగతి పక్కన పెట్టేయదగ్గది కాదు, ఎందుకంటే ఆమె తొలి పెద్ద రచనల రూపాలు గీతల్లోంచే పుట్టాయి. తర్వాత సిబేలియస్ అకాడమీలో పావో హైనినెన్ దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. ఆడపిల్లకు ఈ చదువెందుకు, టైమ్ వేస్ట్ అన్నట్టు చూసిన అధ్యాపకులు కూడా అక్కడ ఉండేవారని ఆమె దాచుకోకుండా చెప్పారు. తనను ‘మహిళా స్వరకర్త’ అని పిలవడం చాలా ఏళ్ళపాటు ఆమెకు నచ్చలేదు. సంగీతం గురించి అడగండి అనేవారు. వయసు పైబడ్డాక మాత్రం, తన తర్వాతి తరం అమ్మాయిలకు కూడా అవే ఇబ్బందులు ఎదురవడం చూసి, ఈ విషయం మీద బాహాటంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

1977లో హెల్సింకిలో ‘కోర్వాత్ ఔకి’ అనే బృందం ఏర్పడింది. చెవులు తెరవండి అని దాని అర్థం. అప్పటి ఫిన్లాండ్ సంగీత ప్రపంచం జాతీయ సంప్రదాయంలోనే తిరుగుతోందని, యూరప్‌లో వస్తున్న కొత్త సంగీతం అక్కడిదాకా చేరడం లేదని విద్యార్థులు విసిగిపోయి పెట్టుకున్న బృందం అది. ఇందులో సారియాహోతో పాటు మాగ్నుస్ లిండ్‌బెర్గ్, ఎసా-పెక్కా సలోనెన్ ఉన్నారు. ఒకే తరగతి గదిలోంచి ముగ్గురూ ప్రపంచ స్థాయికి ఎదిగారు. యాభై లక్షల చిల్లర జనాభా ఉన్న దేశానికి ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో బ్రయన్ ఫెర్నీహో, క్లౌస్ హూబర్ల దగ్గర చదివారు. ఆ రోజుల్లో అక్కడ లెక్కలతో బిగించిన, విపరీతమైన సంక్లిష్టత ఉన్న సంగీతానికి గౌరవం ఎక్కువ. కాగితం మీద అంత పనితనం ఉన్నా చెవికి చేరేది కొంతేనన్న అసంతృప్తి ఆమెను వదల్లేదు. 1980లో డార్మ్‌స్టాట్ వేసవి శిబిరంలో ఫ్రెంచి స్వరకర్తలు జెరార్ గ్రిజే, త్రిస్తాన్ మురాయ్‌ల సంగీతం విన్నాక దారి మారింది. వాళ్ళు స్వరాన్ని ఒక చుక్కగా చూడలేదు, విప్పి చూశారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి తంబుర చాలు. నాలుగు తీగలే మీటుతున్నా, కాసేపు చెవి పెట్టి వింటే ఎవరూ మీటని స్వరాలు పైన తేలుతూ వినిపిస్తాయి. అంతరగాంధారం తానంతట తాను పలుకుతోందని మన విద్వాంసులు అనేది దీన్నే. ఒక తీగ కంపించినప్పుడు మూలస్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే అనుస్వరాలు కూడా పుడతాయి. వాటిలో ఏది ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టే అది వీణో, ఫ్లూటో, మనిషి గొంతో మనం గుర్తుపడతాం. గ్రిజే, మురాయ్‌లు ఈ అనుస్వరాల పట్టీనే హార్మనీగా, అంటే ఒకేసారి పలికే స్వరాల కూర్పుగా, ఆర్కెస్ట్రాకు పంచారు. స్పెక్ట్రల్ సంగీతం అన్న పేరు అలా స్థిరపడింది.

1982లో సారియాహో పారిస్ వచ్చి ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో చేరారు. ఫ్రెంచి స్వరకర్త పియేర్ బులే ఆలోచనతో 1977లో తెరుచుకున్న ఈ సంస్థ పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రం పక్కన, చాలావరకు భూమి కిందే ఉంటుంది. ఇంజినీర్లు, స్వరకర్తలు ఒకే చోట పనిచేసే ఏర్పాటు అది. మనిషి గొంతును కంప్యూటర్‌లో నిర్మించే ‘షాంత్’ అనే ప్రోగ్రామ్ అక్కడే తయారైంది. ఆమె దానితో ‘వెర్ ల బ్లాం’ అనే టేపు రచన చేశారు. అందులో ఉన్నదల్లా రెండే స్వరగుచ్ఛాలు. మొదటిదాని నుంచి రెండోదానికి వెళ్ళడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. మార్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే స్వరం కదులుతున్నట్టే తెలియదు, కానీ కొంతసేపటికి వేరే చోట ఉన్నామని తెలుస్తుంది. ఏ గాయకుడి ఊపిరీ అంతసేపు నిలవదు, ఏ వేలూ అంత నెమ్మదిగా జరగదు. యంత్రం లేకుండా ఈ ప్రయోగం కుదిరేది కాదు. ఇది విని ఆనందించే రచనా, లేక ప్రయోగశాల నోట్సా అన్న అనుమానం వస్తుంది. రెండోదే ఎక్కువ. అయినా ఆ తర్వాత రాసిన ప్రతి పేజీకీ ఇందులోనే విత్తనం పడింది.

ఆమె ఆలోచనలో గుండెకాయ లాంటి విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలబడి చూడాలి. ఏ సంగీతమైనా ముందుకు నడవాలంటే ఎక్కడో టెన్షన్ పెరగాలి, ఎక్కడో సడలాలి. పాశ్చాత్య సంగీతంలో కొన్ని వందల ఏళ్ళు ఆ పని హార్మనీ చేసింది. పొసగని స్వరాలు కలిసినప్పుడు బిగువు, పొసిగే స్వరాల్లోకి దిగినప్పుడు విశ్రాంతి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వ్యవస్థను వదిలేశాక, దాని స్థానంలో ఏం పెట్టాలన్నది ప్రతి స్వరకర్తకీ ఎదురైన ప్రశ్న. సారియాహో ఇచ్చిన జవాబు నాదగుణం, అంటే ధ్వనికి ఉండే రంగు. ఒక కొసన నున్నటి, స్పష్టమైన స్వరం. ఇంకో కొసన గరుకైన శబ్దం, ఊపిరి, గరగర. ఈ రెండు కొసల మధ్య కదలికే ఆమె సంగీతాన్ని నడిపిస్తుంది. శబ్దం వైపు వెళ్తే బిగువు, స్వరం వైపు వస్తే సడలింపు. 1987లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ అక్షాన్ని ఆమె స్వయంగా వివరించారు.

కాగితం మీద ఇది సిద్ధాంతంలా కనిపిస్తుంది. సెల్లో దగ్గర కూర్చుంటే చేతికి తగిలే విషయం. కమానును ఫింగర్ బోర్డు మీదికి జరిపి తేలిగ్గా లాగితే ధ్వని పలుచగా, పొగలా వస్తుంది. అదే కమానును బ్రిడ్జి దగ్గరికి తెస్తే పై అనుస్వరాలు పొడుచుకొచ్చి లోహాన్ని గీసినట్టు ఉంటుంది. ఇక అక్కడే ఒత్తిడి పెంచుతూ పోతే స్వరం పగిలిపోయి ఉత్త గరగర మిగులుతుంది. వేలు ఒక్క చోటే ఉంది, స్వరం మారలేదు, కానీ ఎంత దూరం ప్రయాణించామో! ఆమె స్వరప్రతుల్లో ఈ స్థితుల పేర్ల మధ్య బాణం గుర్తులు ఉంటాయి. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి చటుక్కున దూకకుండా, ఆ బాణం ఉన్నంత మేరా జారుతూ వెళ్ళాలని అర్థం. కమాను ఒత్తిడిని చూపించడానికి లావెక్కుతూ పోయే నల్లటి గుర్తు ఉంటుంది. వాయించేవాళ్ళు మొదట బెదిరిపోయేది స్వరాలను చూసి కాదు, ఈ బాణాలను చూసే. ఎందుకంటే చిన్నప్పటినుంచి గురువులు ఒకే నాణ్యమైన ధ్వనిని నిలబెట్టడం నేర్పి ఉంటారు, ఇక్కడ దాన్ని అదుపులో ఉంచుకుంటూనే చెడగొట్టాలి.

1984 నాటి ‘ఫెర్‌బ్లెండుంగెన్’ ఆర్కెస్ట్రాకూ టేపుకూ రాసినది. దీని ఆకారం ఒక కుంచె గీత: మొదట్లో రంగు చిక్కగా పడి, పోనుపోను వెలిసిపోయే గీత. అందుకే ఈ రచన శిఖరం దగ్గరే మొదలై అక్కణ్ణించి దిగుతూ వెళ్తుంది. ఆర్కెస్ట్రా, టేపు స్వర–శబ్ద అక్షం మీద ఎదురుబొదురుగా ప్రయాణిస్తాయి. మొదటి నిమిషంలో ఏది ఏదో విడదీయలేం, చివరికొచ్చేసరికి రెండూ చెరో ఒడ్డునా ఉంటాయి.

సిద్ధాంతం అందంగా మారింది మాత్రం 1986లో, ‘లిష్ట్‌బోగెన్’తో. తొమ్మిది వాయిద్యాలు, వాటి ధ్వనిని అప్పటికప్పుడే మార్చే ఎలక్ట్రానిక్స్. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆకాశంలో అరోరా వెలుగులు చూస్తున్నప్పుడు దీని రూపం తట్టిందని ఆమె రాశారు. నల్లటి ఆకాశంలో ఆకుపచ్చ తెర ఒకటి చప్పుడు లేకుండా ముడుచుకుని విచ్చుకుంటుంది. దానికి అంచు ఎక్కడో చెప్పలేం. సెల్లో మీద హార్మోనిక్ స్వరం (తీగను తేలిగ్గా తాకితే పలికే అనుస్వరం) శబ్దంగా పగిలే క్షణాలను కంప్యూటర్‌లో విశ్లేషించి, అందులో బయటపడిన స్వరాలతోనే ఈ రచనకు హార్మనీ కట్టారు. అంటే సెల్లో కడుపులోంచి తీసినదాన్ని తిరిగి ఫ్లూట్‌కు, పియానోకు, హార్ప్‌కు పంచారు. వేదిక మీద మైకులు, ప్రతిధ్వనిని పెంచే యంత్రం, స్వరానికి అతి సన్నటి తేడాతో జత కలిపే హార్మనైజర్, అంతే. ఇవాళ ఫోన్‌లో దొరికే యాప్‌లలో ఇంతకంటే ఎక్కువ సరంజామా ఉంది. అయినా దాదాపు నలభై ఏళ్ళ తర్వాత కూడా ఈ రచన తాజాగానే వినిపిస్తుంది. ఆ కాలంలో కంప్యూటర్ మీద మోజుతో వచ్చిన ఎన్నో రచనలు ఈ రోజు పాత యంత్రాల వాసనేస్తున్నాయి. వాటిలో యంత్రం తన గొంతు వినిపించాలని ముందుకొస్తుంది, ఇందులో వాయిద్యాల వెనకే ఉండిపోతుంది.

క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురు తీగవాద్యకారుల బృందం కోసం 1987లో ‘నింఫేయా’ రాశారు. ఆ సామగ్రిలోంచే 1988లో సెల్లిస్టు ఆన్సి కార్తునెన్ కోసం ‘పెటల్స్’ పుట్టింది. పెటల్స్‌ను ఎలక్ట్రానిక్స్‌తో వాయించవచ్చు, లేకుండానూ వాయించవచ్చు. ఇది చిన్న వెసులుబాటులా కనిపిస్తుంది కానీ చాలా చెబుతుంది. తీగ మీదే అన్ని రంగులూ రాసేసి ఉన్నాయి కాబట్టి యంత్రం లేకపోయినా రచన నిలబడుతుంది. 1992 నాటి ‘నోయానోయా’ అలా కాదు. ఫ్లూట్ వాయించే మనిషి కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ ముందే రికార్డు చేసిన ధ్వని ఒకటి బయటికి వస్తుంది. చిత్రకారుడు గొగేన్ ప్రయాణ పుస్తకంలోని మాటలను వాయించే మనిషి ఫ్లూట్‌లోకే పలకాలి. మాట ఊపిరిగా, ఊపిరి స్వరంగా మారే చోటును వినేవాళ్ళు పట్టుకోలేరు. ఈ పద్ధతులన్నీ అమెరికన్ ఫ్లూటిస్టు కమిలా హోయ్‌టెంగా దగ్గర కూర్చుని, ఆమె పెదవులు ఏం చేయగలవో వింటూ పోగుచేసినవి. సారియాహో దశాబ్దాల తరబడి అదే నలుగురైదుగురు కళాకారులతో పనిచేశారు. ఇర్కామ్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఎంత నేర్పిందో ఈ స్నేహాలూ అంతే నేర్పాయి.

ఇక్కడిదాకా చూస్తే మంచి ప్రయోగశాల స్వరకర్త. 1994లో వయొలినిస్టు గిడోన్ క్రెమెర్ కోసం ‘గ్రాల్ తేయాత్ర్’ అనే వయొలిన్ కాన్సెర్టో (ఒంటరి వాయిద్యానికీ ఆర్కెస్ట్రాకూ రాసే రచన) రాశారు. ఇందులో ఎలక్ట్రానిక్స్ అసలే లేవు. ఆమెను ఎలక్ట్రానిక్ స్వరకర్తగా ముద్ర వేసినవాళ్ళకు ఇది వెనకడుగులా అనిపించి ఉండవచ్చు. కానీ వినండి: ఒంటరి వయొలిన్ గీసిన స్వరం ఆర్కెస్ట్రాలో ప్రతిధ్వనిలా వ్యాపిస్తుంది, తాళవాద్యాలు దాని అంచులను గరుకు చేస్తాయి. పదేళ్ళ కిందట యంత్రాలతో చేయించిన పనిని ఇప్పుడు మనుషులతో చేయిస్తున్నారు. 1996లో ‘షాటో ద లామ్’లో ప్రాచీన హిందూ, ఈజిప్టు గ్రంథాల వాక్యాలకు స్వరం కట్టారు. సోప్రానో (హెచ్చు శ్రుతి గాయని) డాన్ అప్‌షా పాడారు. అదే ఏడాది అదే గొంతు కోసం రాసిన ‘లోన్’లో మళ్ళీ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. పన్నెండో శతాబ్దపు కవిగాయకుడు జోఫ్రే రూదెల్ ప్రేమగీతమే అందులో పాడే సాహిత్యం. ఆ పాటే ఆమెను ఒపెరాలోకి నడిపించింది.

ఒపెరా తనకు సరిపడదనే ఆమె చాలాకాలం అనుకున్నారు. 1992లో జాల్ట్స్‌బుర్గ్‌లో పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ ఒపెరా చూశాక, కథ పరుగులు తీయకపోయినా ఒపెరా నిలబడుతుందని నమ్మకం కుదిరింది. ‘లామూర్ ద ల్వాఁ’ 2000 ఆగస్టులో అదే ఊళ్ళో మొదటిసారి ప్రదర్శనకు వచ్చింది. సెల్లర్సే దర్శకుడు, ఆర్కెస్ట్రాను కెంట్ నగానో నడిపారు. సాహిత్యం రాసినది లెబనాన్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన రచయిత అమిన్ మాలూఫ్. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు: ఫ్రాన్స్‌లోని బ్లాయ్ రాజకుమారుడు ఎప్పుడూ చూడని ట్రిపోలీ కౌంటెస్‌ను ప్రేమిస్తాడు, ఒక యాత్రికుడు అటూ ఇటూ కబుర్లు మోస్తాడు, చివరికి రాజకుమారుడు సముద్రం దాటి వెళ్ళి ఆమె చేతుల్లో కన్నుమూస్తాడు. ఏమీ జరగదని విమర్శించినవాళ్ళు ఉన్నారు. కళ్ళకు జరిగేది తక్కువన్నది నిజమే. కానీ ఆ సముద్రం రెండు గంటలూ చెవుల్లో కదులుతూనే ఉంటుంది. ఆర్కెస్ట్రా అడుగున పరిచిన ఎలక్ట్రానిక్ ధ్వని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గుర్తుపట్టడం కష్టం. అది అలా కలిసిపోవడమే ఆ ఇరవై ఏళ్ళ శ్రమకు ఫలితం. 2003లో స్వరరచనకు ఇచ్చే గ్రావెమాయర్ అవార్డు వచ్చింది. పుట్టిన ఊరికి దూరంగా పారిస్‌లో ఉంటూ, పరాయి భాషలో రోజులు గడిపే ఇద్దరు మనుషులు దూరం గురించి రాసిన ఒపెరా ఇది. ఆ బెంగ అందులో నిజంగా ఉంది.

2006లో పారిస్ బాస్తీల్ ఒపెరాలో ‘అద్రియానా మాతెర్’ వచ్చింది. యుద్ధకాలంలో అత్యాచారానికి గురైన స్త్రీ, ఆమె కనే బిడ్డ, ఆ బిడ్డ తండ్రిలా హంతకుడవుతాడా అన్న భయం. సారియాహో గర్భవతిగా ఉన్నప్పుడు స్కానింగ్‌లో తన గుండె చప్పుడూ బిడ్డ గుండె చప్పుడూ వేర్వేరు వేగాలతో విన్న అనుభవం ఇందులో లయలకు ఆధారమైంది. యుద్ధం మీద వచ్చే సంగీతంలో ఇంత శరీరానికి దగ్గరైన ఆలోచన అరుదు. తర్వాతి ఒపెరా ‘ఎమిలీ’ (2010)లో అంత పట్టు చిక్కలేదు. ఒకే పాత్ర, ఒకే రంగు. ఆమె బలమైన నెమ్మది అక్కడ బరువైపోయింది.

2021 జులైలో ఎక్స్-ఆం-ప్రొవాన్స్ ఉత్సవంలో సుజానా మాల్కి నడిపిన ‘ఇన్నోసెన్స్’ మాత్రం ఆమె గురించి అప్పటిదాకా ఉన్న అంచనాలన్నీ తలకిందులు చేసింది. అంతర్జాతీయ పాఠశాలలో జరిగిన కాల్పులు, పదేళ్ళ తర్వాత ఒక పెళ్ళి విందు. పదమూడు పాత్రలు, తొమ్మిది భాషలు. సాహిత్యం ఫిన్లాండ్ నవలా రచయిత్రి సోఫి ఒక్సానెన్‌ది, దాన్ని బహుభాషల్లోకి మలిచినది సారియాహో కుమారుడు అలెక్సి బారియేర్. ఒక్కో పాత్రకూ తన భాష నడకను బట్టే సంగీతం వచ్చింది. కొందరు ఒపెరా గొంతుతో పాడతారు, కొందరు లయలో మాట్లాడతారు. చనిపోయిన అమ్మాయి మార్కెతా ఫిన్లాండ్ జానపద గాయని గొంతుతో, పశువుల కాపరులు పిలిచే తీరులో పలుకుతుంది. మనిషి మాటలోని అచ్చులు, ఊపిరి, హల్లుల గరుకుతనం అన్నీ స్వర–శబ్ద అక్షం మీద ఏదో ఒక చోట ఉంటాయి కదా. దాదాపు నలభై ఏళ్ళ క్రితం షాంత్ ప్రోగ్రామ్‌తో గొంతును విప్పి చూసిన మనిషి ఇప్పుడు తొమ్మిది భాషల గొంతులను ఒకే కథలో కలిపారు. పైగా ఈసారి నెమ్మది లేదు, విరామం లేకుండా గంటా ముప్పావు పాటు కథ థ్రిల్లర్‌లా లాక్కెళ్తుంది.

అప్పటికే ఆమెకు మెదడు క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ప్రీమియర్‌కు చక్రాల కుర్చీలో వచ్చారు. జబ్బు సంగతి బయటికి చెప్పలేదు. 2023 జూన్ 2న పారిస్‌లో కన్నుమూశారు. ట్రంపెట్ కాన్సెర్టో ‘హష్’ ఆ ఆగస్టులో హెల్సింకిలో మొదటిసారి వినిపించింది. హెల్సింకి మ్యూజిక్ సెంటర్‌లో ఆర్గన్ నిర్మాణానికి ఆమె పది లక్షల యూరోలు విరాళం ఇచ్చారు. అది 2024 ఆరంభంలో మోగింది.

ఇప్పుడు మిగిలినది వాయించేవాళ్ళ పని, అది కనిపించేంత తేలిక కాదు. కాగితం మీద రాసిన స్వరాలు మూడు వందల ఏళ్ళయినా చదువుకోవచ్చు. 1980లలో, 90లలో ఇర్కామ్‌లో వాడిన కంప్యూటర్లు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. అక్కడే పుట్టిన ‘మ్యాక్స్’ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఎన్నో రూపాలు మారింది. అందుకే నోయానోయా లాంటి రచనల ఎలక్ట్రానిక్స్ భాగాన్ని కొత్త యంత్రాలకు పనికొచ్చేలా మళ్ళీ మళ్ళీ తయారుచేయాల్సి వస్తోంది. ఫైళ్ళు మార్చడం ఇంజినీర్‌కు పెద్ద కష్టం కాదు. ప్రతిధ్వని ఎంత ఉండాలి, ఫ్లూట్ ఊపిరి ఏ క్షణాన స్పీకర్‌లోని ఊపిరితో కలిసిపోవాలి అన్నది హాలును బట్టి మారుతుంది. అది ఏ ఫైల్‌లోనూ పూర్తిగా ఉండదు. కచేరీకి ముందు ఖాళీ హాల్లో ఒకరు వాయిస్తుంటే, ఇంకొకరు వెనక వరుసలో మిక్సర్ దగ్గర కూర్చుని చెవితోనే తేల్చుకోవాలి.